తిరగని కీలు: పాత కారు అడుగున రబ్బరు చేసే పని

మామిడి కోతలు మొదలయ్యాయంటే నూజివీడు చుట్టుపక్కల ఖాళీగా ఉండే బండంటూ ఉండదు. లారీలు, బొలేరోలు, టాటా ఏస్‌లు వ్యాపారుల సరుకు ఎత్తుకుంటాయి. పాత మారుతి 800లు, ఓమ్నీలు, ఆల్టోలు తోట యజమానిని, మందు డబ్బాలను, బంధువుల ఇళ్లకు పంపే నాలుగు క్రేట్ల చిన్న రసాలను మోస్తాయి. ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్‌కు పోయే తారు రోడ్డు వీటికి పెద్ద కష్టం కాదు. ఆ రోడ్డు దిగి తోటలోకి మళ్లే డొంక దారితోనే తంటా. వానకు కోసుకుపోయిన ఎర్రమట్టి, ఎండకు రాయిలా గట్టిపడిన ట్రాక్టరు చాళ్లు, ఒక చక్రం గుంటలో, ఇంకో చక్రం గట్టు మీద.

ఆ దారిలో కొన్నేళ్లు తిరిగిన బండి ముందు చక్రాల దగ్గర్నుంచి టక్‌టక్‌మని చప్పుడు మొదలవుతుంది. బ్రేకు వేస్తే స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. టైరు ఒక అంచునే అరుగుతుంది. చాలామంది ముందు షాక్ అబ్జార్బర్లను అనుమానిస్తారు, తర్వాత టైర్లు మారుస్తారు, వీల్ అలైన్‌మెంట్ చేయిస్తారు. ఇన్ని చేసినా చప్పుడు పోకపోతే అప్పుడు ఎవరో ఒక మెకానిక్కు బండి కిందికి దూరి, టామీ రాడ్డు పెట్టి ఒక ఇనుప చెయ్యిని పక్కకు ఎత్తి చూపిస్తాడు: బుష్ పోయింది.

బుష్ అంటే చూడటానికి ఏమీ లేదు. బయట ఒక ఇనుప గొట్టం, లోపల బోల్టు దూరే చిన్న గొట్టం, ఆ రెంటి మధ్య రబ్బరు. ధరలో కారు విడిభాగాలన్నిటిలో చిట్టచివరి వరసలో ఉంటుంది. కానీ ఇది చేసే పని తెలిస్తే దీన్ని మార్చే పద్ధతి ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. కొత్త బుష్ వేయించిన ఏడాదికే మళ్లీ పోయిందని వాపోయే వాళ్లలో కొందరికి లోపం బుష్‌లో లేదు, దాన్ని బిగించిన తీరులో ఉంది.

ఒక కీలు, మూడు షరతులు

చక్రాన్ని బాడీకి కలిపే చేతుల్లో ముఖ్యమైనది లోయర్ ఆర్మ్. దాని బయటి కొస చక్రం వైపు, లోపలి కొస బాడీ వైపు ఉంటాయి. గుంట వచ్చినప్పుడు చక్రం లేవాలి, దిగాలి. కాబట్టి లోపలి కొస దగ్గర ఒక కీలు కావాలి. ఆ కీలు మూడు షరతులు పాటించాలి. పైకీ కిందికీ సులువుగా కదలనివ్వాలి. ముందుకూ వెనక్కూ పక్కలకూ కదలనివ్వకూడదు. రోడ్డు మీది గరుకు వణుకును బాడీలోకి ఎక్కనివ్వకూడదు.

తలుపు బందులాగా ఇనుప పిన్ను, ఇనుప గొట్టం పెడితే మొదటి రెండూ తీరతాయి. పాత జీపుల్లో కమాన్ కట్టల దగ్గర చేసింది అదే. బరువు పడి కమాన్ కట్ట చదునైతే దాని పొడవు మారుతుంది, ఆ మార్పును సర్దడానికి కట్ట కొసను బాడీకి తగిలించే షాకిల్ ఊగుతుంది. ఊగే చోట ఇనుము మీద ఇనుము జారాలి. జారాలంటే సందు ఉండాలి, సందులో గ్రీసు ఉండాలి. గ్రీసుకు దుమ్ము అంటుకుంటుంది. మట్టిలోని ఇసుక రేణువులో ఉండే క్వార్ట్‌జ్ మామూలు ఇనుము కన్నా గట్టిది. ఎర్రమట్టి దారుల్లో తిరిగే బండికి ఆ గ్రీసే కొన్నాళ్లకు సానపట్టే ముద్దగా మారి పిన్నును తినేస్తుంది. అందుకే పాత జీపున్న ఇంట్లో గ్రీసు గన్ను తప్పనిసరి సామాను.

దీనికి రబ్బరు చూపిన దారి వేరు. ఇందులో ఏదీ దేని మీదా జారదు. బయటి గొట్టం ఆర్మ్‌లో బిగుతుగా కూర్చుంటుంది. లోపలి గొట్టాన్ని బోల్టు బాడీకి నొక్కి పట్టేస్తుంది. ఆర్మ్ లేచినప్పుడు బయటి గొట్టం దానితో పాటు కాస్త తిరుగుతుంది, లోపలిది కదలదు. తేడా అంతా మధ్యలోని రబ్బరు మెలి తిరిగి భరిస్తుంది. ఆర్మ్ దిగగానే మెలి విప్పుకుంటుంది. సందు లేదు, కాబట్టి గ్రీసు అక్కర్లేదు, దుమ్ముకు చోటు లేదు.

ఇది సాధ్యం కావాలంటే ముందు రెండు పనులు జరగాలి. పచ్చి రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసవుతుంది. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో దాన్ని గంధకంతో కలిపి వేడి చేస్తే ఆ గుణం పోతుందని కనుక్కున్నాడు, 1844లో పేటెంటు పొందాడు. రబ్బరులోని పొడవాటి అణు గొలుసుల మధ్య గంధకం అక్కడక్కడా ముడులు వేస్తుంది. లాగితే గొలుసులు సాగుతాయి, వదిలితే ముడులు వాటిని వెనక్కి రప్పిస్తాయి. రెండో పని రబ్బరును ఇనుముకు విడిపోకుండా అతికించడం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈరీ ఊళ్లో పేటెంటు లాయరుగా ఉన్న హ్యూ లార్డ్ వణుకునూ చప్పుడునూ అదుపు చేయడానికి ఈ అతుకు మీదే ఆధారపడి 1924లో ఒక సంస్థ పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దం నడిచేకొద్దీ కార్ల అడుగున గ్రీసు పెట్టే చోట్లు తగ్గిపోయి, వాటి స్థానంలో రబ్బరు బుష్‌లు వచ్చాయి.

ఒక వైపు మెత్తన, ఒక వైపు గట్టి

మెలికి సులువుగా లొంగే రబ్బరు, పక్కకు తోస్తే ఎందుకు లొంగదు? నూజివీడు రసం తినే తీరు తెలిసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. కాయను అరచేతిలో పట్టుకుని మెత్తబరిచేటప్పుడు ఒక చోట నొక్కితే గుజ్జు తగ్గదు, ఇంకో చోట ఉబుకుతుంది. కాయను గట్టి డబ్బాలో బిగించి నొక్కితే ఉబకడానికి చోటుండదు, గుజ్జు ఎదురు తిరుగుతుంది. కానీ టెంకను పట్టుకుని కాస్త తిప్పితే గుజ్జు దానితో పాటు జరుగుతుంది. రబ్బరూ అంతే. దాని రూపం మార్చడం తేలిక, పరిమాణం తగ్గించడం చాలా కష్టం. మామూలు రబ్బరులో ఈ రెండు కష్టాల మధ్య తేడా వేయి రెట్ల పైమాటే.

బుష్‌లో రబ్బరు రెండు గొట్టాల మధ్య పలుచని పొరగా ఇరుక్కుని ఉంటుంది. లోపలి గొట్టాన్ని పక్కకు తోస్తే రబ్బరు ఎటూ పోలేక గట్టిగా నిలబడుతుంది. తిప్పితే పరిమాణం మారే పనే లేదు, రూపం మాత్రమే మారుతుంది, కాబట్టి మెత్తగా లొంగుతుంది. ఒకే ముక్క ఒక దిక్కున మెత్తగా, ఇంకో దిక్కున గట్టిగా ఉండటానికి కారణం ఇదే. ఏ దిక్కున కాస్త ఎక్కువ మెత్తదనం కావాలో అక్కడ ఇంజినీర్లు రబ్బరులో ఖాళీలు వదులుతారు. చక్రం రాయిని తగిలినప్పుడు ఒక్క పిసరు వెనక్కి పోయి దెబ్బను మింగడానికి అలాంటి ఖాళీలు పనికొస్తాయి.

మూడో షరతు వణుకును ఆపడం. సాగదీసిన రబ్బరు తిరిగి వచ్చేటప్పుడు తీసుకున్న శక్తినంతా తిరిగివ్వదు, కొంత వేడిగా మార్చుకుంటుంది. ఆ నష్టమే మనకు లాభం. స్టీరింగులో వణుకు తగ్గేది, డాష్‌బోర్డు గలగల తగ్గేది ఆ కొద్దిపాటి వేడి పుణ్యమే.

మారుతి 800లో ఒకే రాడ్డుకు రెండు కొలువులు

ఈ ప్రాంతంలో పాత కారంటే ముందు గుర్తొచ్చేది మారుతి 800. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిన కారది. అంటే ఇవాళ రోడ్డు మీద ఉన్న వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా పదేళ్లు దాటాయి. ఖాళీగా ఉంటే దాని బరువు సుమారు 650 కిలోలు, చక్రం 12 అంగుళాలది. చక్రం చిన్నదైతే గుంటలోకి లోతుగా దిగుతుంది, దెబ్బ గట్టిగా తగులుతుంది.

బరువు, ఖర్చు తగ్గించడానికి ఈ కారు ముందు భాగంలో ఒక పొదుపు చేశారు. లోయర్ ఆర్మ్ లోపలి కొస ఒకే బుష్‌తో బాడీకి అంటుకుంటుంది. అలాంటి ఆర్మ్ ముందుకూ వెనక్కూ ఊగకుండా ఆపేది ఇంకేదో ఉండాలి. ఆ పని బ్యాలెన్స్ రాడ్డుకు అప్పజెప్పారు. మలుపులో బండి ఒరిగిపోకుండా రెండు చక్రాలను కలిపి పట్టే రాడ్డే, తన కొసలతో ఆర్మ్‌లను ముందూ వెనకా కదలకుండా పట్టి ఉంచుతుంది. కాబట్టి బ్యాలెన్స్ రాడ్ బుష్‌లు పోతే మలుపులో ఒరగడం ఒక్కటే కాదు, బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరుగుతుంది. ఒక పక్క బుష్ ఎక్కువ అరిగితే ఆ పక్క చక్రం ఎక్కువ జరిగి బండి పక్కకు లాగుతుంది. బ్రేకులు ఎన్నిసార్లు విప్పి చూసినా దొరకని లోపం ఇలాంటిదే.

టైరు అరుగుదల వెనక లెక్క చిన్నదే. చక్రం తన దారి నుంచి అర డిగ్రీ పక్కకు చూస్తే, కిలోమీటరు నడిచేసరికి దాదాపు 9 మీటర్లు పక్కకు పోవాలని చూస్తుంది. బండి నేరుగా పోతోంది కాబట్టి ఆ 9 మీటర్లూ టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోయినట్టే. నూజివీడు నుంచి విజయవాడ సుమారు 45 కిలోమీటర్లు. ఒక్కసారి వెళ్లేసరికి దాదాపు 400 మీటర్లు టైరును పక్కకు ఈడ్చినంత పని. అలైన్‌మెంట్ యంత్రం మీద కొలత సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే అక్కడ బండి నిలబడి ఉంటుంది. బుష్ అరిగి ఉంటే రోడ్డెక్కి బ్రేకు వేయగానే ఆ కొలత చెదిరిపోతుంది. అందుకే ముందు బుష్‌లు, తర్వాతే అలైన్‌మెంట్.

రబ్బరు ముసలిదయ్యేది ఇలా

రబ్బరు మూడు దారుల్లో పాడవుతుంది. మొదటిది వేడి, ఆక్సిజన్ కలిసి చేసేది. గంధకం వేసిన ముడులకు తోడు ఆక్సిజన్ కొత్త ముడులు వేస్తూ పోతుంది, కొన్నిచోట్ల గొలుసులను తెంపుతుంది. రబ్బరు క్రమంగా గట్టిపడి మెలి తిరిగే శక్తి పోగొట్టుకుంటుంది. పది డిగ్రీల వేడి పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే కృష్ణా తీరంలో, పైగా ఇంజినుకు దగ్గరలో ఉన్న ముందు బుష్‌లకు ఈ లెక్క ఎలా వర్తిస్తుందో ఊహించుకోవచ్చు.

రెండోది ఓజోన్. నేల దగ్గర గాలిలో ఎండకూ వాహనాల పొగకూ పుట్టే ఓజోన్ అత్యల్పంగానే ఉంటుంది. కానీ సహజ రబ్బరు గొలుసుల్లోని జంట బంధాలను కోయడానికి ఆ కాస్త చాలు. విచిత్రం ఏమిటంటే సాగకుండా ఉన్న రబ్బరును అది పైపైనే తాకుతుంది, సాగి ఉన్నదాన్ని పగలగొడుతుంది. పగులు ఎప్పుడూ లాగిన దిక్కుకు అడ్డంగా వస్తుంది. తయారీదారులు రబ్బరులో మైనం, ఓజోన్‌ను అడ్డుకునే రసాయనాలు కలిపేది ఇందుకే. ఎప్పుడూ సాగి ఉండే బుష్ తొందరగా పగులుతుందన్న మాట గుర్తుంచుకోండి, బిగింపు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మూడోది నూనె. పెట్రోలియం నూనె సహజ రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది, మెత్తని ముద్ద చేస్తుంది. ఇంజిన్ ఆయిల్ కారే బండిలో ఆయిల్ పడే వైపు బుష్ ముందు పోవడం మామూలే. చప్పుడు వస్తోందని బుష్ మీద పాత ఇంజిన్ ఆయిల్ పోసే అలవాటు కూడా ఇందుకే మానుకోవాలి. రెండు రోజులు చప్పుడు ఆగుతుంది, తర్వాత బుష్షే మిగలదు.

పోయిందని తెలుసుకోవడం

కంటికి కనిపించే పగుళ్లన్నీ ప్రమాదం కాదు. పైపొర మీద సన్నని గీతలు వయసు గుర్తులు. రబ్బరు లోపలి గొట్టం నుంచి విడిపోవడం, బోల్టు నడిమధ్య కాక ఒక పక్కకు ఒరిగి కనిపించడం, రబ్బరు ముక్కలు బయటికి రావడం మార్చాల్సిన గుర్తులు. బండిని స్టాండ్ల మీద నిలిపి, ఆర్మ్‌కూ బాడీకీ మధ్య టామీ రాడ్డు పెట్టి నెమ్మదిగా ఎత్తాలి. మంచి బుష్ కొద్దిగా ఒత్తుకుని వెంటనే వెనక్కి వస్తుంది. చెడిపోయినది ఠక్కున జరిగి ఇనుముకు ఇనుము తగులుతుంది.

చప్పుడు కూడా కొంత చెబుతుంది. నెమ్మదిగా ముందుకు పోనిచ్చి బ్రేకు, వెనక్కి పోనిచ్చి బ్రేకు వేస్తే ఒక్కోసారి ఒక్కో టక్ వినిపిస్తే ఆర్మ్ ముందూ వెనకా జరుగుతోందని అర్థం. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద మాట్లాడక, ఒక చక్రమే గుంటలో పడినప్పుడు చప్పుడు చేస్తే బ్యాలెన్స్ రాడ్ బుష్‌లను అనుమానించాలి. రెండు చక్రాలు కలిసి లేస్తే ఆ రాడ్డుకు మెలి పడదు, ఒక్కటే లేస్తే పడుతుంది.

విప్పడం, దించడం, ఎక్కించడం

పనికి ముందు భద్రత. జాకీ ఎత్తడానికే, ఆనించడానికి కాదు. గట్టి నేల మీద, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, బాడీ కింద స్టాండ్లు వేశాకే కిందికి దూరాలి. మారుతి 800లో స్ప్రింగు, షాక్ అబ్జార్బర్‌తో కలిసి ఉండే స్ట్రట్‌లోనే బందీగా ఉంటుంది కాబట్టి లోయర్ ఆర్మ్ విప్పితే ప్రమాదం లేదు. అన్ని కార్లూ అలా కావు. అంబాసిడర్ ముందు చక్రాల బరువును మెలి తిరిగిన టార్షన్ బార్ మోస్తుంది, దాని బిగువు దించకుండా ఆర్మ్ విప్పితే మనిషికి దెబ్బ తగులుతుంది.

ఆర్మ్ బయటికి వచ్చాక పాత బుష్ ఎటు తిరిగి ఉందో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. రబ్బరులో ఖాళీలున్న బుష్‌ను తొంభై డిగ్రీలు తిప్పి ఎక్కిస్తే మెత్తగా ఉండాల్సిన దిక్కు గట్టిగా, గట్టిగా ఉండాల్సిన దిక్కు మెత్తగా అవుతుంది. పాత బుష్‌ను మంట పెట్టి కాల్చి తీసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. గంధకం కలిసిన రబ్బరు పొగ ఊపిరితిత్తులకు చేటు, ఆ వేడికి ఆర్మ్ బయటి కొసన చక్రం వైపు ఉండే బాల్ జాయింట్ రబ్బరు కూడా పోతుంది. ప్రెస్ ఉన్న లేత్ షాపులో ఆ పని కొద్ది నిమిషాలది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో అలాంటి షాపులకు కొదవ లేదు. ప్రెస్ దొరకకపోతే రబ్బరు కోసేసి, బయటి గొట్టాన్ని హ్యాక్సా బ్లేడుతో నిలువునా చీల్చితే వదులై వచ్చేస్తుంది, ఆర్మ్‌కు గాటు పడకుండా చూసుకోవాలి.

కొత్తది ఎక్కించేటప్పుడు నొక్కడం బయటి గొట్టం అంచు మీదే జరగాలి. లోపలి గొట్టం మీద నొక్కితే ఆ బలమంతా రబ్బరు అతుకు మీద పడి కొత్త బుష్ ఎక్కకముందే చిరుగుతుంది. జారడానికి సబ్బు నీళ్లు చాలు, గ్రీసు వద్దు. సుత్తితో కొట్టి ఎక్కిస్తే గొట్టం నొక్కుకుపోయి తర్వాత ఊడి వస్తుంది. బుష్‌లు ఎప్పుడూ జతగా, రెండు వైపులా మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగినది ఉంటే బండి లాగుడు పోదు.

చివరి బిగింపు నేల మీద

ఇక అసలు సంగతి. బండి స్టాండ్ల మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది. ఆ స్థితిలోనే లోపలి బోల్టు గట్టిగా బిగిస్తే లోపలి గొట్టం ఆ కోణంలో పట్టుబడిపోతుంది. బుష్‌కు అదే విశ్రాంతి స్థానం అవుతుంది. బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలి తిరుగుతుంది, బండి నిలబడి ఉన్నంతసేపూ ఆ మెలి అలాగే ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. ఆర్మ్ పొడవు 30 సెంటీమీటర్లు, చక్రం వేలాడినప్పుడు 8 సెంటీమీటర్లు జారిందనుకుందాం. అప్పుడు ఆర్మ్ కోణం సుమారు 15 డిగ్రీలు మారుతుంది. డొంకలో గుంట తగిలి చక్రం మామూలు ఎత్తు నుంచి ఇంకో 6 సెంటీమీటర్లు లేస్తే మరో 11 డిగ్రీలు. సరిగ్గా బిగించిన బుష్ ఆ దెబ్బకు 11 డిగ్రీలే మెలి తిరుగుతుంది. వేలాడుతుండగా బిగించినది 26 డిగ్రీలు తిరగాలి. పైగా రాత్రంతా షెడ్డులో నిలబడి ఉన్నా 15 డిగ్రీల సాగుడు తప్పదు. సాగి ఉన్న రబ్బరునే ఓజోన్ పగలగొడుతుందని ముందు చెప్పుకున్నాం. ఏడాదికే చిరిగిన కొత్త బుష్‌ల కథ చాలాసార్లు ఇంతే.

కాబట్టి స్టాండ్ల మీద ఉన్నప్పుడు బోల్టును వేళ్లతో పట్టించి, కొద్దిగా బిగించి వదిలేయాలి. బండిని నేలకు దింపి, ముందు భాగాన్ని రెండు మూడుసార్లు నొక్కి ఊపి సర్దుకోనిచ్చి, డిక్కీలో క్రేట్లు లేకుండా చూసి, అప్పుడు పిట్‌లోంచి గానీ ర్యాంపు మీద గానీ చివరి బిగింపు చేయాలి. చక్రాలు నేల తాకుతున్నట్టే బరువు మోస్తూ ఉండాలన్నదే సూత్రం. తయారీదారుల సర్వీస్ మాన్యువళ్లు చెప్పేది ఇదే. పిట్ లేని షెడ్డులో లోయర్ ఆర్మ్ బయటి కొస కింద జాకీ పెట్టి, ఆ పక్క స్టాండు నుంచి బాడీ లేవబోయేదాకా ఎత్తి బిగించడం మధ్యేమార్గం. బిగించాక, నట్టు వదులు కాకుండా ఆపే స్ప్లిట్ పిన్ ఉన్న చోట కొత్తది వేసి, అప్పుడు అలైన్‌మెంట్‌కు వెళ్లాలి.

రబ్బరుకు బదులు పాలీయురెథేన్ బుష్‌లు కూడా దొరుకుతాయి. అవి నూనెకు, ఓజోన్‌కు బాగా ఆగుతాయి. అయితే చాలావరకు అవి మెలి తిరగవు, గొట్టం మీద జారతాయి. కాబట్టి బిగింపు కోణంతో వాటికి పెద్ద పేచీ లేదు గానీ సిలికాన్ గ్రీసు కావాలి, అది ఆరితే కిర్రుమంటాయి, గట్టివి కాబట్టి రోడ్డు వణుకు కొంత లోపలికి వస్తుంది. జారే చోట సందు ఉంటుంది, సందున్న చోటికి ఎర్రమట్టి వస్తుంది. డొంక దారి పాత కారుకు మంచి కంపెనీ రబ్బరే నయం. నకిలీ బుష్‌లలో వాడే నాసి రబ్బరు బయటికి అలాగే కనిపిస్తుంది, అతుకు దగ్గర ముందు వదిలేస్తుంది. రెండు గొట్టాల్ని చేత్తో పట్టి తిప్పి చూస్తే అతుకు లేచినది కొంతవరకు తెలిసిపోతుంది.

ఈ పని పెట్టుకోవడానికి కోతలు ముగిసి వానలు ఊపందుకోకముందు అనువైన సమయం. బండికి అప్పుడు కాస్త తీరిక ఉంటుంది, బురదలో పట్టు తప్పకముందే చక్రాలు దారికొస్తాయి. బండి అప్పగించేటప్పుడు మెకానిక్కును ఒక్క మాట అడగండి: చివరి బిగింపు బండి దించాక చేస్తారా? ఔనంటే పని నిశ్చింతగా అప్పగించవచ్చు. అక్కర్లేదంటే పక్కనే ఉండి ఆ ఒక్క బోల్టును నేల మీద బిగించేలా చూసుకోండి. ఖర్చు ఏమీ పెరగదు, బుష్ మాత్రం దాని పూర్తి ఆయుష్షు బతుకుతుంది.